ఖానా చిన్నదైతే పేరు కోసుకోవాలా?

ఈ మధ్య మన ఇండ్లల్లో ఒక సలహా బాగా తిరుగుతోంది. బిడ్డకు పేరు పెట్టే మాట రాగానే చదువుకున్న మామూ ఎవరో ఒకాయన అందుకుంటాడు. "పొట్టి పేరు పెట్టుండ్రి భయ్యా, కంప్యూటర్ల పట్టాలె. మొహమ్మద్ వద్దు, అబ్దుల్ వద్దు, బేగం అస్సలే వద్దు. ఒక్క ముక్కల అయిపోవాలె" అంటాడు. చుట్టూ కూర్చున్న పెద్దలు తలూపుతారు. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు, సర్వీసు రికార్డులో మరో పేరు పడి దఫ్తర్ల చుట్టూ తిరిగినవాళ్లే కాబట్టి ఆ మాట వాళ్లకు అఖల్ ఉన్న మాటగా వినిపిస్తుంది.

ఆ మామూ నియ్యత్ మీద నాకు షక్ లేదు. కానీ ఆయన కుసూర్‌ను తప్పు చోట వెతుకుతున్నాడు. కుసూర్ మన పేరులో లేదు. మన పేరును ఒక ఫైలులో ఎక్కించేటప్పుడు ఎవరో రాసిన ఒక్క లైను కోడ్‌లో ఉంది. ఆ లైను ఏమిటో తెలుసుకోకుండా బిడ్డల పేర్లు కోసుకుంటూ పోతే, ఎవరి గల్తీకి ఎవరు సజా అనుభవిస్తున్నట్టు?

గోదావరిఖని, రామగుండం, ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ, ఎఫ్‌సీఐ, ఎన్‌టీపీసీ ఇలాకాల్లోని మన ఇండ్లకు ఇది ఇంకా దగ్గరి సంగతి. ఇక్కడ పేరు అంటే పిలుచుకునే పేరొక్కటే కాదు. అబ్బా బాయిలో దిగి సంపాదించిన గ్రాట్యుటీ, 1948 చట్టంతో వచ్చిన కోల్ మైన్స్ ప్రావిడెంట్ ఫండ్, 1998 పెన్షన్ స్కీం కింద అమ్మీకి రావలసిన బేవా పింఛను, కొడుకు ఆశ పెట్టుకున్న కారుణ్య నియామకం, అన్నీ పేరు మీద నడుస్తాయి. కంపెనీలో 51 శాతం వాటా తెలంగాణ సర్కారుది, 49 శాతం కేంద్రానిది. పీఎఫ్ సంస్థ హెడ్డాఫీసు ధన్‌బాద్‌లో. డబ్బు పడేది బ్యాంకులో. ఒక పేరు ఇన్ని గడపలు దాటాలి. ఏ ఒక్క గడప దగ్గర ఖానా చిన్నదైనా పేరు తల తెగుతుంది.

ఖానా అంటే ఏమిటో ముందు సాఫ్‌గా చెప్పుకుందాం. కంప్యూటర్ ఫైళ్లలో ఒక పాత రకం ఉంది. అందులో ప్రతి వరుస ఒకే పొడవు. వరుసలో మొదటి 10 అక్షరాలు నంబరుకు, తర్వాతి 20 పేరుకు, ఆ తర్వాతి 8 పుట్టిన తేదీకి, ఇలా ఖానాలు ముందే కొలిచి పెట్టేస్తారు. పేరు పొట్టిదైతే మిగిలిన చోటు ఖాళీలతో నింపుతారు. అంకె చిన్నదైతే ముందు సున్నాలు చేరుస్తారు. చదివే ప్రోగ్రాము మధ్యలో కామాలు, గీతలు వెతకదు. 11వ అక్షరం నుంచి 30వ అక్షరం దాకా ఉన్నది పేరు, అంతే. దీన్నే ఫిక్స్‌డ్ లెంగ్త్ రికార్డు అంటారు.

దీని ఖాందాన్ పాతది. హెర్మన్ హోలరిత్ 1890 అమెరికా జనాభా లెక్కలను చిల్లులు పొడిచిన అట్టముక్కల మీద లెక్కించాడు. 1928లో ఐబీఎం 80 వరుసల కార్డు తెచ్చింది. 1959లో మొదలైన కోబాల్ భాష ఆ కార్డుల అలవాటును తనలోకి తీసుకుంది. కార్డులు పోయాయి, అలవాటు పోలేదు. ఇవాళ్టికీ అమెరికాలో జీతాలను బ్యాంకు ఖాతాల్లోకి పంపే ఏసీహెచ్ ఫైలులో ప్రతి వరుస 94 అక్షరాలు. జీతం అందుకునే మనిషి పేరుకు అందులో ఇచ్చిన జాగా 22.

ఇందులో తప్పేమీ లేదు. బాయిలో టబ్బు ఒక సైజులోనే ఉంటుంది. అన్ని టబ్బులూ ఒకే సైజులో ఉంటేనే పట్టాల మీద నడుస్తాయి, హిసాబ్ కుదురుతుంది. కానీ టబ్బు నిండాక మిగిలిన బొగ్గును ఎవరైనా గోదావరిలో పారబోస్తారా? ఇంకో టబ్బు తెప్పిస్తారు. ఫిల్లర్ తవ్విన బొగ్గు ఎక్కువైందని ఫిల్లర్‌ను తిట్టరు. మన పేర్ల దగ్గర మాత్రం సరిగ్గా ఇదే జరుగుతోంది. మిగిలిన అక్షరాలు పారబోస్తున్నారు, ఆపైన పేరు పొడుగైందని మనల్నే అంటున్నారు.

మిసాల్‌కు ఒక పేరు తీసుకుందాం: షేక్ మెహరున్నిసా బేగం. ఇంగ్లిషులో రాస్తే షేక్‌కు 5, మెహరున్నిసాకు 10, బేగంకు 5 అక్షరాలు, మధ్యలో రెండు ఖాళీలు. మొత్తం 22. అమెరికా జీతాల ఫైలులో ఈ పేరు సూది మోపే సందు లేకుండా సరిగ్గా పడుతుంది. 20 అక్షరాల ఖానాలో పెడితే చివరి రెండు పోతాయి. అప్పుడు మిగిలేది బేగం కాదు, బేగ్. బేగం ఒక ఔరత్ పేరు చివర ఇజ్జత్‌గా పలికే మాట. బేగ్ మిర్జాల ఇండ్లలో మగవాళ్ల పేర్ల చివర వచ్చే ఖాందానీ మాట. రెండే అక్షరాలు తెగాయి, ఆడమనిషి పోయి మగమనిషి మిగిలాడు. రేపు మర్హూమ్ షోహర్ పింఛను కోసం ఆ బేవా ఖిడ్కీ దగ్గర నిలబడితే, లోపలి మనిషి కంప్యూటర్ చూసి "ఈ పేరు నీది కాదు" అంటాడు.

ఇంకో పేరు: మొహమ్మద్ అబ్దుల్ రహ్మాన్. 15 అక్షరాల ఖానాలో వేస్తే "మొహమ్మద్ అబ్దుల్" దగ్గర ఆగిపోతుంది. అరబీలో అబ్ద్ అంటే బందా. అబ్దుల్ రహ్మాన్ అంటే రహ్మాన్‌కు బందా. అబ్దుల్ దగ్గర కోస్తే ఎవరి బందా అన్నదే పోయింది. హదీస్‌లో అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమైన పేర్లుగా చెప్పిన రెండింటిలో అబ్దుర్ రహ్మాన్ ఒకటి. ఆ పేరు బిడ్డకు పెట్టుకోవడం మన హక్కు. అందులో అసలు ముక్కను తీసేసి తోకను ఉంచే హక్కు ఏ ఫైలుకూ లేదు.

ఇది మనొక్కళ్ల గోస కూడా కాదు. ఇంటిపేరు, వెంకట, లక్ష్మీ, నరసింహ అన్నీ కలిసిన పేరున్న మన పక్క క్వార్టర్ అన్నకూ ఇదే కత్తి తగులుతుంది. అందుకే దీన్ని మజ్‌హబ్ పంచాయితీగా చూడొద్దు. ఇది మజ్దూర్ పంచాయితీ.

బొగ్గుబాయి ఇండ్లకు మారుపేర్ల గోస కొత్త కాదు. వెనుకట ఇంకొకరి పేరు మీద నౌకరీలో చేరి, జిందగీ అంతా ఆ పేరుతోనే మస్టర్ పడిన కార్మికులు సింగరేణిలో ఉన్నారు. వాళ్ల బిడ్డలు నౌకరీ అడిగేటప్పటికి తండ్రి పేరు తండ్రిది కాకుండా పోయింది. యూనియన్లు ఏళ్లుగా ఆ సమస్య ఎత్తుతూనే ఉన్నాయి. ఆ ఇండ్లు చూసినవాళ్లకు పేరు తేడా వస్తే ఎంత దూరం పోతుందో నేను చెప్పనక్కర్లేదు. కాకపోతే అక్కడ పేరు మార్చుకున్నది గరీబీ తరిమితే మనిషి. ఇక్కడ మారుపేరు పెడుతున్నది మెషీన్. మనిషి మార్చుకుంటే ఎంక్వయిరీ వేస్తారు. మెషీన్ మారిస్తే ఎవరి మీద వేస్తారు? మళ్లీ మన మీదే. నోటరీ అఫిడవిట్ తెమ్మంటారు, పేపర్ ప్రకటన ఇమ్మంటారు, గెజిట్ చేయించమంటారు. కోసినవాడు హాయిగా కూర్చుంటాడు, కోయించుకున్నవాడు సబూత్ తేవాలి.

"పాత సిస్టం కదా, మెషీన్ అలాగే చేస్తుంది" అనేవాళ్లకు జవాబు చెప్పాలి. మెషీన్ తనంతట తాను ఏదీ కోయదు. పైథాన్ భాషలో ఒక పేరును 20 అక్షరాల ఖానాలో పెట్టమని మామూలుగా రాస్తే, అది పొట్టి పేరుకు ఖాళీలు చేరుస్తుంది గానీ పొడుగు పేరును ముట్టుకోదు. పేరు 22 ఉంటే 22నూ రాసేస్తుంది. అప్పుడు వరుస పొడుగై, పక్కనున్న తేదీ ఖానా రెండడుగులు జరుగుతుంది. ఫైలు చెడిందని వెంటనే తెలుస్తుంది. పేరు కోయాలంటే 20 పక్కన ఒక చుక్క పెట్టి మళ్లీ 20 అని రాయాలి. ఆ చుక్క ఒక మనిషి పెడతాడు. కోబాల్‌లో అయితే పెద్ద పేరును చిన్న ఖానాలోకి మూవ్ చేయగానే కుడివైపు అక్షరాలు చప్పుడు లేకుండా రాలిపోతాయి. అలా రాలుతాయని ఆ భాష నేర్చిన ప్రతివాడికీ తెలుసు.

ఇప్పుడు ఈ పనికి తయారు లైబ్రరీలు ఉన్నాయి. లైబ్రరీ అంటే పదిమంది పదిసార్లు రాసే కోడ్‌ను ఒకసారి మంచిగా రాసి అందరికీ ఇచ్చేది. డాట్‌నెట్ వాళ్లకు ఫైల్‌హెల్పర్స్ అని ఉచితంగా దొరుకుతుంది. ప్రతి ఖానా పక్కన దాని పొడవు, ఖాళీలు ఏ వైపు చేర్చాలో రాస్తే చాలు. చదవడం, రాయడం అదే చూసుకుంటుంది. నంబరు పక్కన 10, పేరు పక్కన 20, తేదీ పక్కన 8 అని ఒక్క చోట కళ్లకు కనిపించేలా ఉంటుంది కాబట్టి ఇది నిజంగా మేలైన పద్ధతి. కానీ రాసేటప్పుడు పొడవు మించిన పేరును కోసి ఖానాలో కుదించడం ఇలాంటి లైబ్రరీల్లో మామూలు రివాజుగా ఉంటుంది. వాడే కుర్రాడు ఆ రివాజును సవాల్ చేయకపోతే, రికార్డు సలామత్‌గా ఉంటుంది, వరుస పొడవు సరిగ్గా ఉంటుంది, టెస్టు పాసవుతుంది. పోయేది బేగం ఒక్కతే.

నా ఏతరాజ్ అంతా ఇక్కడే ఉంది. చిన్న ఖానా మజ్బూరీ కావచ్చు, ఒప్పుకుంటాను. చప్పుడు లేకుండా కోయడం మజ్బూరీ కాదు, అది ఒకరు తీసుకున్న ఫైసలా.

ఖానా పెంచడం కాని పని అంటారా? యాద్ చేసుకోండి. పాత ఫైళ్లలో సంవత్సరానికి రెండే ఖానాలు ఇచ్చారు. 1965 అని రాయాల్సిన చోట 65 అని రాశారు. 2000 దగ్గరపడేసరికి 00 అంటే 1900 అనుకుంటుందేమోనని ప్రపంచమంతా హడలిపోయింది. అదే వైటూకే. బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు డబ్బు సంచులు విప్పాయి. అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్న మన తెలుగు పిల్లలు విమానాలెక్కి అమెరికా పోయారు. పాత ప్రోగ్రాములు లైను లైనుగా తెరిచి, కొన్ని చోట్ల ఖానా రెండు నుంచి నాలుగుకు పెంచారు, కొన్ని చోట్ల లెక్క కట్టే పద్ధతి మార్చారు. సేఠ్ వడ్డీ లెక్క తప్పుతుందన్న రోజు ఖానా పెరిగింది. సంవత్సరాన్ని పొట్టిగా చేసుకొమ్మని క్యాలెండర్‌కు ఎవరూ నసీహత్ చెప్పలేదు. బేవా పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "పేరే పొట్టిగా పెట్టుకోవాల్సింది" అంటారు. ఇదెక్కడి ఇన్సాఫ్?

ఖానా పెంచలేకపోతే ఇజ్జత్‌గా కోసే పద్ధతి కూడా ఉంది. దుబాయికో, ఉమ్రాకో పోయిన ప్రతి ఇంట్లో దాని సబూత్ ఉంది. పాస్‌పోర్టు తెరవండి. ఫోటో ఉన్న పేజీ కింద బాణాల గుర్తులతో రెండు వరుసలు కనిపిస్తాయి. ఒక్కో వరుస సరిగ్గా 44 అక్షరాలు. అదీ ఫిక్స్‌డ్ లెంగ్త్ రికార్డే. మొదటి 5 పోగా పేరుకు 39. ఖాళీ మిగిలితే బాణం గుర్తులతో నింపుతారు. పేరు 39 దాటితే ఎలా కుదించాలో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 9303 నంబరు దస్తావేజులో రాసి పెట్టింది. కుదించినప్పుడు చివరి జాగాలో నింపుడు గుర్తు కాకుండా అక్షరమే ఉండాలని కూడా అందులో కాయిదా ఉంది. అంటే చివర అక్షరం కనిపిస్తే, ఈ పేరు ఇక్కడితో ఆగకపోవచ్చని చదివే మెషీన్‌కు, అధికారికి సంకేతం. పైన మనిషి చదివే భాగం వేరుగా ఉంటుంది. ఎయిర్‌పోర్టులో ఎవరూ "కింది వరుసలో పేరు పూర్తిగా లేదు, అఫిడవిట్ తే" అనరు. పరాయి మనిషికి సరిహద్దు దగ్గర ఇచ్చే మర్యాద, జిందగీ అంతా బొగ్గు తవ్విన మనిషి ఇంటికి ఖిడ్కీ దగ్గర ఎందుకు ఇవ్వరు?

"అంతా డిజిటల్ అవుతోంది, తెలుగులోనే రాసుకుంటే సరిపోతుంది" అనే దోస్తులకూ ఒక మాట. ఖానాను అక్షరాల్లో కొలిచారా, బైట్లలో కొలిచారా అడగండి. మహమ్మద్ అని తెలుగులో రాస్తే కంప్యూటర్ లెక్కలో 7 గుర్తులు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. మొత్తం 21. 20 బైట్ల ఖానాలో ఆ ఒక్క మాట కూడా పట్టదు, చివరి పొల్లు మధ్యలో విరిగి చెత్త గుర్తు మిగులుతుంది. ఉర్దూలో అదే పేరు మీమ్, హే, మీమ్, దాల్ నాలుగు హర్ఫ్‌లే, 8 బైట్లు. భాష మార్చినంత మాత్రాన కత్తి మొద్దుబారదు. కొలత తెలిసినవాడు కోడ్ రాస్తేనే మొద్దుబారుతుంది.

కోసే చేతులు మనవి కూడా అవుతున్నాయి కాబట్టి ఇది మన పిల్లలకు చెప్పాలి. ఖని నుంచి, మంథని నుంచి, మంచిర్యాల నుంచి ఇంజనీరింగ్ చదివి హైదరాబాదులో, బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ రాస్తున్న బేటా, బేటీ, వినండి. సూరె బఖరాలో 282వ ఆయత్ ఖురాన్‌లోకెల్లా పొడవైనది. అది నమాజు గురించి కాదు, రోజా గురించి కాదు. అప్పు రాసుకోవడం గురించి. రాసే కాతిబ్ అద్ల్‌తో రాయాలన్నది అందులోని హుకుం. పింఛను ఖైరాత్ కాదు. మనిషి ఒళ్లు అరగదీసుకున్న మెహనత్‌లో వెనక్కి పెట్టిన తన్ఖా. అంటే కంపెనీ మీద, సర్కారు మీద ఉన్న కర్జ్. ఆ కర్జ్ రాసే కాతిబ్ ఇవాళ మీరు.

అందుకే మీ చేతికి అలాంటి ఫైలు వస్తే నాలుగు పనులు చేయండి. ఒకటి, పొడవు మించితే కోయకుండా ప్రోగ్రామును ఆపండి, ఎర్రర్ చూపించండి. ఆగిన పనిని ఒక మనిషి చూస్తాడు, తెగిన పేరును ఎవరూ చూడరు. రెండు, కోయక తప్పకపోతే కోసినట్టు ఒక గుర్తు పెట్టండి, పూర్తి పేరు ఇంకో చోట నంబరుతో కలిపి దాచండి. మూడు, రాసిన ఫైలును మళ్లీ చదివించి మొదటి పేరుతో పోల్చండి. రాసిందీ చదివిందీ ఒకటి కాకపోతే అది పాస్ కాదు. మీ టెస్టుల్లో ఎప్పుడూ ఉండే జాన్ స్మిత్ పక్కన షేక్ మెహరున్నిసా బేగంను కూర్చోబెట్టండి. నాలుగు, రెండు రికార్డులు కలిపేటప్పుడు 20 దగ్గర తెగిన పేరును 22 అక్షరాల పూర్తి పేరుతో పోల్చి "తేడా ఉంది" అని ఫైసలా ఇవ్వకండి. మనిషిని ఖాతా నంబరుతో పట్టుకోండి. పేరును మాత్రం తెగిన చోటి దాకా పోల్చి, మిగతాది అడిగి తెలుసుకోండి.

యూనియన్ నాయకులకూ అర్జీ ఉంది. గేట్ మీటింగుల్లో మీరు బోనస్ అడుగుతారు, క్వార్టర్లు అడుగుతారు, మంచిదే. ఒక్కసారి ఇదీ అడగండి: మా పేర్లు ఎక్కే ప్రతి ఫైలులో పేరుకు ఎన్ని అక్షరాల జాగా ఉంది? మించితే ఏం చేస్తున్నారు? తెగిన పేర్ల లిస్టు ఎక్కడుంది? ఖానా వల్ల వచ్చిన తేడాకు అఫిడవిట్ ఖర్చు కార్మికుడి మీద ఎందుకు? ఈ సవాళ్లకు డబ్బు ఖర్చు లేదు. జవాబు లిఖితంగా రావాలి.

ఇక ఇండ్లల్లో. అబ్బా ఇంకా డ్యూటీలో ఉండగానే సర్వీసు రికార్డు, పీఎఫ్ నామినేషన్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నాలుగూ ఒక చాప మీద పరచి చూడండి. అమ్మీ పేరు ప్రతిదానిలో ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చదవండి. నాలుగింటిలో ఒకదానిలోనే చివర తెగి ఉంటే, తెగిన చోటికి అక్షరాలు లెక్కపెట్టండి. 15, 20, 25, 30 లాంటి గుండ్రటి అంకె వచ్చిందంటే అది మీ గల్తీ కాకపోవచ్చు, ఖానా గల్తీ అయి ఉండొచ్చు. అర్జీలో "మా పేరు సరిచేయండి" అని రాయకండి. "మేం ఇచ్చిన పేరు 22 అక్షరాలు, మీ రికార్డులో 20 దగ్గర ఆగింది, మిగిలిన రెండూ ఎక్కించండి" అని రాయండి. పక్కన నికానామా జిరాక్స్ పెట్టండి. రసీదు తీసుకోండి. బేవా అయ్యాక ఒంటరిగా తిరిగి చేసే పని కాదిది, ఇద్దరూ ఉండగా చేసుకోవాల్సిన పని.